ఎగిరిపోయిన నాలుగు పేజీలు

వెండెల్ ప్రూయిట్ నలభై ఆరేళ్ల నటన ఒక్క బుధవారం మధ్యాహ్నంతో ఆగిపోయేదే. ఒహాయోలో వేసవి నాటకాలతో మొదలుపెట్టి, టీవీలో పదకొండేళ్లు పోలీసు కెప్టెన్‌గా వేసి, డెబ్బై మూడో ఏట మళ్లీ న్యూయార్క్‌లో రంగస్థలం ఎక్కాడు. ఆ నాటకానికి స్టేజి మేనేజర్ని నేను. నాటక ప్రతి ముందు పెట్టుకుని, ఏ మాటకు ఏ దీపం మారాలో చెప్పడం నా పని.

ఆ మధ్యాహ్నం ఆటలో నాలుగు పేజీల మాటలు గల్లంతయ్యాయి. కథలో తండ్రీకూతుళ్ల వీలునామా గొడవంతా ఎగిరిపోయింది. వెండెల్, కూతురి వేషం వేసే కొరీన్ కలిసి ఎలాగో గట్టెక్కించారు. ప్రేక్షకులు పసిగట్టలేదు గానీ, దీపాలు సర్దేసరికి నాకు చెమటలు పట్టాయి.

తెర పడగానే ఆయన గదికి వెళ్లాను. రంగు కూడా తుడుచుకోకుండా రాజీనామా రాస్తున్నాడు. తన అన్నగారు కూడా నటుడేనని అప్పుడే చెప్పాడు. అన్నగారికీ ఇలాగే వేదిక మీద మాటలు జారిపోయాయట, రెండేళ్లలో భార్య పేరే మరిచిపోయాడట. ఆ భయంతో ఈయన ఆర్నెల్లుగా రోజూ పొద్దున్నే పాత్రంతా గోడకు అప్పజెబుతున్నాడు. వింటుంటే జాలేసింది. ఇన్నాళ్లూ నా దగ్గర దాచినందుకు ఒళ్లూ మండింది.

"రాత్రి ఆటకి నా బదులు వేసేవాణ్ణి పిలిపించు. నాకూ మొదలైంది," అన్నాడు.

"ముందు ఇది చూసి, తర్వాత తీరిగ్గా ఏడవండి," అని నా ప్రతి ఆయన ఒళ్లో పడేశాను. ఎక్కడ తప్పు జరిగినా పెన్సిలుతో గీత పెట్టడం నాకలవాటు. "పేజీలు దాటేసింది మీరు కాదు, కొరీన్. ముప్ఫై ఎనిమిదో పేజీలో ఉండి నలభై రెండో పేజీ ప్రశ్న అడిగింది. మీరు దానికి నలభై రెండో పేజీ జవాబే పొల్లు పోకుండా చెప్పారు. వీలునామా ముక్క చివర్లో ఇరికించి కథ నిలబెట్టింది కూడా మీరే, పెద్దాయనా."

వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. బిగుసుకున్న భుజాలు సడలాయి. నవ్వుతూనే ఏడ్చేశాడు, నాకూ కళ్లు తుడుచుకోక తప్పలేదు.

ఇంతలో కొరీన్ గుమ్మంలోకి వచ్చింది. తప్పు తనదేనని, తిడతాడేమోనని ఇంతసేపూ రాలేకపోయానని చెప్పింది. వెండెల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నేళ్లలో నాకోసం ఇంత మంచి తప్పు ఎవరూ చెయ్యలేదమ్మా. రాత్రికి మాత్రం ఆ నాలుగు పేజీలూ నాకు కావాలి."