గడి బయట ఐదో చుక్క

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున మబ్బు సగం పిండి ఆరేసిన గుడ్డలా వేలాడుతోంది. పడమర మాత్రం నీలంగా ఉంది. గాలి లేదు. పిచ్ మీద కప్పిన పట్టా కొస ఎత్తి అరచెయ్యి నేలకు ఆనించి చూశాను. తడి లేదు. పదింటికి మ్యాచ్. పట్టా తీయాలా, ఉంచాలా అని అరగంట అక్కడే నిలబడ్డాను. ముప్ఫై ఏళ్లుగా ఈ మైదానం చూసుకుంటున్నవాణ్ణి, అంతసేపు ఎన్నడూ ఆలోచించింది లేదు. నిజానికి నేను ఆలోచిస్తున్నది మబ్బు గురించి కాదు.

ఎనిమిదింటికి మా ఆవిడకు పరీక్ష.

మా క్లబ్బు స్కోరరు కళ్లు ఆనక కిందటి నెలలో మానేశాడు. ఆ కుర్చీ ఖాళీ. అది మా ఆవిడకు కావాలి. ఆరేళ్లుగా ప్రతి మ్యాచ్‌కీ నా రోలరు షెడ్డు కిటికీలో కూర్చుని సొంతంగా స్కోరు రాస్తోంది. ఆ కిటికీలోంచి మైదానంలో మూడో వంతు కనబడదు. ఆ మూడో వంతులో ఏం జరిగిందో బ్యాటు చప్పుడును బట్టి, జనం కేకలను బట్టి రాసుకునేది. సాయంత్రం క్లబ్బు స్కోరుతో సరిచూస్తే తేడా వచ్చేది. పదిసార్లలో ఏడుసార్లు తప్పు క్లబ్బుదే.

సెక్రటరీగారికి మాత్రం ఆ కుర్చీలో తన అల్లుణ్ణి కూర్చోబెట్టాలని ఉంది. మందుల షాపు ఆయనది, మంచి మనిషే. మొహం మీద కాదనలేక ఒక దారి కనిపెట్టారు. "స్కోరరంటే ఊరికే అంకెలు వేసేవాడు కాదమ్మా, ఆట పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి" అన్నారు. ఆట తొలినాళ్ల మీద పది ప్రశ్నలు. ఎనిమిది చెప్పినవాళ్లకు కుర్చీ. ఎవరూ చెప్పలేకపోతే ఆయన ఇష్టం. ఆ చివరి మాట ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు.

ఆయన పట్టించుకోనిది ఒకటుంది. క్లబ్బు గది ఊడ్చేదీ, ఆయన దగ్గర తాళం తీసుకుని పుస్తకాల బీరువా దులిపేదీ మా ఆవిడే. గంటలో అయ్యే దులుపుడుకు ఆమెకు సగం రోజు పట్టేది. అందులో ఆట పాత చరిత్ర చెప్పే లావుపాటి పుస్తకం ఒకటుంది. కూడబలుక్కుంటూ నాలుగేళ్లలో దాన్ని నమిలేసింది. చిక్కల్లా, చివరి మూడో భాగాన్ని ఆమెకన్నా ముందు చెదలు నమిలేశాయి.

పొద్దున జడ వేసుకుంటూ నన్ను కూడా వదల్లేదు.

"ఏమయ్యా, రెండు స్టంపులు ఉన్నప్పుడు పైన పెట్టే బెయిలు పుల్ల ఒకటే కదా?"

"నన్నడుగుతావేం? నేను చూశానా?"

"చూసే ఉంటావు. ఆ కాలం నుంచీ ఈ రోలరు తోస్తున్నట్టే ఉంటావు."

నాకు మాటలు తక్కువ. నా వాటా కూడా ఆమెకే వెళ్లింది. కానీ క్లబ్బు మెట్లెక్కేటప్పుడు ఆమె పెదాలు ఆరిపోయి ఉన్నాయి. నేనది చూశాను. ఏమనాలో తెలియక, "చెప్పులు ఇక్కడ విప్పు" అన్నాను.

గదిలో పొడుగు బల్ల. అటు అల్లుడు, ఇటు మా ఆవిడ. ఇద్దరికీ చెరో కాగితం, పెన్సిలు. మధ్యలో రిటైరయిన అంపైరు తాతగారు. ప్రశ్నలు తయారుచేసింది ఆయనే. జవాబులున్న కాగితం జేబులో మడిచి పెట్టుకున్నారు. సెక్రటరీగారు కిటికీ పక్కన నిలబడ్డారు. నా కాళ్లకు బురద ఉందని నేను గడప దగ్గరే ఆగిపోయాను.

"ప్రశ్న అడుగుతాను, ఇద్దరూ రాయండి, తర్వాత పైకి చదవండి. మాటల్లేవు" అన్నారు తాతగారు.

మొదటి ప్రశ్న, స్కోరు పుస్తకాలు రాక ముందు పరుగులు ఎలా లెక్కపెట్టేవారని. అల్లుడు కంప్యూటర్ల షాపులో పని చేస్తాడు, నెమ్మదైన కుర్రాడు. "నోటితో" అని చదివాడు. మా ఆవిడ, "కర్ర మీద కత్తితో గాట్లు పెట్టేవాళ్లు, పరుగుకో గాటు" అని చదివింది.

మూడో స్టంపు ఎందుకు వచ్చిందన్నారు. అల్లుడు తల గోక్కుని, "మూడు కాక ఇంకెన్నుంటాయండీ?" అన్నాడు. మా ఆవిడ, "ముందు రెండే. బంతి ఆ రెంటి మధ్యలోంచి దూరిపోయినా బెయిలు పడేది కాదు. బౌలరు నోట్లో మట్టి. అందుకని నడుమ మూడోది పాతారు" అంది.

"నోట్లో మట్టి అని కాగితం మీద రాశావా?" అన్నారు తాతగారు.

"లేదండీ, అది నోటితో."

బ్యాటు వెడల్పుకు కొలత ఎందుకు పెట్టారన్నది మరొకటి. ఎవడో ఘనుడు వికెట్టంత వెడల్పు బ్యాటు పట్టుకొచ్చి అడ్డంగా నిలబడితే, నాలుగుంపావు అంగుళాలు మించకూడదని కట్టడి చేశారని ఆమె రాసింది. అది వింటూ సెక్రటరీగారు నవ్వారు. నవ్వాక, నవ్వకుండా ఉండాల్సిందని గుర్తొచ్చినట్టు కిటికీలోంచి మబ్బును చూశారు.

రెండు దేశాల జట్లు ఆడిన మొదటి మ్యాచ్ ఏ దేశాలదన్నప్పుడు అల్లుడికి హుషారు వచ్చింది. "ఇంగ్లండ్, ఆస్ట్రేలియా!" అన్నాడు. మా ఆవిడ, "అమెరికా, కెనడా. 1844" అంది.

"అమెరికా ఏంటండీ అత్తా, వాళ్లకి క్రికెట్ ఏంటి?" అల్లుడు నోరెళ్లబెట్టాడు. ఊళ్లో కుర్రాళ్లందరికీ ఆమె అత్తే.

"అదే బాబూ, నాకూ మొదట్లో నమ్మకం కలగలేదు. అందుకే ఆ పేజీ రెండుసార్లు దులిపాను."

తాతగారు కాగితం చూసుకుని ఆమె వైపు ఒక గీత పెట్టారు. ఆడవాళ్లు ఆడినట్టు రాతలో దొరికే మొట్టమొదటి మ్యాచ్ గురించి అడిగినప్పుడు ఆమె కాగితం చూడకుండానే చెప్పింది. 1745. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. అందరివీ తెల్లబట్టలే. ఒక జట్టు తలలకు నీలం రిబ్బన్లు, రెండో జట్టుకు ఎర్రవి. ఎర్రవాళ్లు గెలిచారు, నూట ఇరవై ఏడు గాట్లకు నూట పంతొమ్మిది.

"నేను ఏడాది ఒక్కటే అడిగానమ్మా" అన్నారు తాతగారు.

"స్కోరు చెప్పకుండా మ్యాచ్ గురించి ఎలా చెప్పనండీ?"

రెండు చోట్ల తప్పింది. కాలు అడ్డం పెడితే అవుటనే రూలు మొదట ఎప్పుడు రాశారంటే 1788 అంది. 1774 అట. భుజం పైనుంచి బంతి వేయడానికి ఎప్పుడు ఒప్పుకున్నారంటే ఖాళీ కాగితం చూపించింది.

"ఏమ్మా, రాయలేదే?"

"ఆ పేజీ చెద తినేసిందండీ."

అందరూ నవ్వారు. గడప దగ్గర నేను నవ్వలేదు. తొమ్మిది ప్రశ్నలయ్యాయి. ఆమెకు ఏడు, అల్లుడికి మూడు. ఇంకొక్కటి వస్తే కుర్చీ, రాకపోతే లేదు.

తాతగారు పదోది అడిగారు. "మొదట్లో ఓవరుకు నాలుగు బంతులే. ఇంగ్లండులో ఐదు బంతుల ఓవరు ఏ ఏడాది వచ్చింది?"

మా ఆవిడ పెన్సిలు కదల్లేదు. నాకర్థమైంది. ఇదీ చెద తిన్న భాగంలోదే. ఆమె గోడ వైపు చూసింది. గోడ మీద ఏమీ లేదు. ఏదో వెతుకుతున్నప్పుడు ఆమె అలాగే చూస్తుంది, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో గుర్తు రానప్పుడు కూడా. తర్వాత వంగి చాలాసేపు రాసింది.

అల్లుడు ముందు చదివాడు. "1900."

"అది ఆరు బంతులకు వచ్చిన ఏడాది. దగ్గరికే వచ్చావు. నువ్వమ్మా?"

ఆమె లేచి నిలబడి చదివింది. "ఇంగ్లండులో ఎప్పుడో నాకు తెలీదు. ఆ పేజీ లేదు. మన క్లబ్బులో మాత్రం 1889."

"మన క్లబ్బు సంగతి ఎవరడిగారమ్మా?" అన్నారు సెక్రటరీగారు. "తెలీదని నువ్వే అంటున్నావు. ఇంక అయిపోయినట్టే కదా."

తాతగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగండి. మన క్లబ్బులో 1889 అని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ, చూశాను. బీరువా కింది అరలో పాత స్కోరు పుస్తకాలున్నాయి కదా, ఎవరూ తీయరు. అప్పటి స్కోరరు ఎవరో కానీ పద్ధతైన మనిషి. ఆట రోజులు మొదలవక ముందే పుస్తకమంతా రూళ్లకర్రతో గళ్లు గీసి పెట్టుకున్నాడు, ఓవరుకో గడి, బంతికో చుక్క లెక్కన గడికి నాలుగు చుక్కలు పట్టేటట్టు. తీరా ఆ ఏడాది మొదటి మ్యాచ్‌కి ఐదు బంతులయ్యాయి. గళ్లేమో గీసేశాడు. పాపం, ఐదో చుక్క గడి బయట పెట్టుకుంటూ పోయాడు. పుస్తకం అయిపోయేదాకా అంతే. ఆ పేజీ పైన తారీఖు ఉంది. ఇంగ్లండులో మారిన ఏడాదే ఇక్కడా మారిందో, ఆలస్యమైందో నాకు తెలీదు. తెలీనిది తెలుసని ఎలా రాయను?"

తాతగారు ఆమె కాగితం తన వైపు లాక్కుని చూశారు.

"బీరువా తీయవయ్యా" అన్నారు తాతగారు అల్లుడితో.

అల్లుడు మామగారి దగ్గర తాళం తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని కింది అరలోంచి పుస్తకాలు లాగాడు. తుమ్మాడు. మూడోది విప్పి పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు.

"మామయ్యా! నిజమేనండీ, బయటే ఉంది చుక్క! చూడండి, ప్రతి గడికీ!"

సెక్రటరీగారు అతని వైపు చూసిన చూపు మామగారు అల్లుడి వైపు చూసేది కాదు. అయినా వంగారు. తాతగారు కళ్లజోడు పైకి నెట్టుకుని వంగారు. నేను కాళ్ల బురద సంగతి మర్చిపోయి బల్ల దగ్గరికి వెళ్లిపోయాను. పసుపు పచ్చబడిన కాగితం. సన్నటి గళ్లు. ప్రతి గడిలో నాలుగు చుక్కలు ఇరుక్కుని కూర్చున్నాయి. ఐదోది గీత దాటి, గుమ్మం బయట నిలబడ్డ మనిషిలా ఉంది. పైన మూలన 1889.

తాతగారు జేబులోంచి తన కాగితం తీసి, మడత విప్పి సెక్రటరీగారి ముందు పెట్టారు. పదో నంబరు ఎదురుగా అదే అంకె ఉంది.

"ఆమె రాసింది మన క్లబ్బు సంగతే కదండీ" అన్నారు సెక్రటరీగారు. ఆ గొంతులో ఇదివరకటి బిగువు లేదు.

"అవును. నాకు ఆ ఏడాది తెలుసు, ఎందుకంటే ఎవరో రాసింది చదివాను. ఈవిడ చుక్కల్లోంచి లాగింది. ఎక్కడిదాకా తెలుసో అక్కడ గీత కూడా గీసింది. మీకు ఏ రకం స్కోరరు కావాలో మీరే చెప్పండి."

సెక్రటరీగారు ఆ చుక్కల మీద వేలు పెట్టి వరస చివరిదాకా జరిపారు. ఒక్కటి కూడా తప్పలేదు. వందేళ్లు దాటిన రాత. తర్వాత పుస్తకం మెల్లగా మూశారు.

"ఇరవై ఏళ్లుగా ఈ బీరువా తాళం నా దగ్గరే ఉంది" అన్నారు, ఎవరితోనో తెలియకుండా. ఆపైన గొంతు సవరించుకున్నారు. "మ్యాచ్ పదింటికి. స్కోరరు బల్ల మీద దుమ్ము అలాగే ఉంది. ఊహూఁ, నువ్వు కాదమ్మా, కూర్చో. అల్లుడూ, గుడ్డ తీసుకో."

"నాకు చుక్కలు పెట్టడం నేర్పుతారా అత్తా?" అన్నాడు అల్లుడు గుడ్డ వెతుకుతూ.

"ముందు తుడవడం నేర్చుకో. మూలల్లో కూడా."

నేను మైదానంలోకి వచ్చేశాను. మబ్బు ఇంకా అక్కడే ఉంది. ఇద్దరు లాగాల్సిన పట్టా ఒక్కణ్ణే అంచుదాకా లాగి చుట్టేశాను. రోలరు కూడా అవసరం కన్నా రెండుసార్లు ఎక్కువే తోశాను. ప్రాక్టీసుకు వచ్చిన కుర్రాళ్లు ఆగి చూశారు.

"ఏంటి రోలరు మామా, ఈవేళ పూనకం వచ్చిందా?"

"పిచ్ తొక్కకండి, అవతలికి పొండి" అన్నాను. మళ్లీ రోలరు పట్టుకున్నాను.

పదింటికి అంపైరు క్లబ్బు మేడ మీది స్కోరరు బల్ల వైపు తిరిగి చెయ్యెత్తాడు. తయారేనా అని అడిగే సైగ అది. మేడ మీద మా ఆవిడ లేచి నిలబడి, ఆరేళ్లుగా ఎదురు చూసినదానిలా కాదు, రోజూ చేసే పనిలా, తన చెయ్యెత్తింది. ఆట మొదలైంది. నేను బౌండరీ తాడు దగ్గర కూర్చున్నాను. మామూలుగా నేను చూసేది పిచ్‌ని. ఆ పూట ఒక్క బంతి ఎక్కడ పడిందో నన్ను అడిగితే చెప్పలేను.

భోజనాల వేళకు ఆటగాళ్లు హాల్లోకి వెళ్లారు. స్కోరరుకు కూడా అక్కడే కంచం పెడతారు. ఆమె వెళ్లలేదు. మేడ అంచున నిలబడి నాకు చెయ్యి ఊపింది. కాళ్లు కడుక్కుని పైకి వెళ్లాను. అప్పటికి ఆమె బౌలర్ల లెక్క, బ్యాట్స్‌మెన్ లెక్క విడివిడిగా కూడుతోంది. రెండూ ఒకే మొత్తానికి వచ్చాయి. కింద ఒక గీత గీసి, పుస్తకం మూసి పక్కన పెట్టింది.

బల్ల మీద క్యారియరు విప్పింది. ఒక గిన్నె నా ముందు, ఒక గిన్నె తన ముందు. రోజూ భోజనం దగ్గర ఊళ్లోవాళ్ల సంగతులన్నీ చెప్పే మనిషి. ఆ పూట ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. తన గిన్నెలోంచి ఒక ముద్ద తీసి నా గిన్నెలో వేసింది. నేను వద్దనలేదు. ఇద్దరం తింటూ కూర్చున్నాం.