చెవిన బట్టల క్లిప్పు

2014 మార్చి తొమ్మిది, ఈస్టరుకు ముందొచ్చే తపస్కాలపు మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. మయామీలో ఫిలెస్తాన్ ఇంటి వరండాలో ఎప్పటిలాగే డొమినో ఆట సాగుతోంది. ఒక కుర్చీలో ఫిలెస్తాన్, ఎదురుగా మెకానిక్ నెస్లీ, మూడో కుర్చీలో మూడేళ్ల కిందట పోయిన ఫిలెస్తాన్ అన్న ఓరెస్ట్. ఓరెస్ట్ కనిపించడు, ఆయన బిళ్లలు మాత్రం కదులుతుంటాయి. ఓడినవాడు చెవికి బట్టల క్లిప్పు పెట్టుకోవాలి గనక, ఆయన ఓడిన రోజున అది గాలిలో, చెవి ఎత్తున వేలాడుతుంది. ఆ రోజూ వేలాడుతోంది.

ఫిలెస్తాన్ నాలుగోసారి లోపల బాత్రూముకు వెళ్లొచ్చాడు.

"మొక్కలకు నీళ్లు పెట్టొస్తున్నావా బావా?" అన్నాడు నెస్లీ.

ఫిలెస్తాన్ భార్య క్లెమాన్స్ లక్ష్మణఫలం ఆకుల కషాయం తెచ్చి పెట్టింది. "ఆకులతో అయ్యేది కాదండీ ఇది. ఒక్కసారి డాక్టరుకు చూపించుకోండి," అంది మెల్లగా.

"వెనక నుంచి వేలు పెట్టి చూస్తార్ట," నెస్లీ నవ్వాడు. "వెళ్లేటప్పుడు బావ, వచ్చేటప్పుడు వదిన."

"చస్తాను గానీ అక్కడికి వెళ్లను. మా అన్న నడుము నొప్పితో పోయినా మగాడిలా పోయాడు."

ఆ నడుము నొప్పి ఏమిటో క్లెమాన్స్‌కు ఒక్కదానికే తెలుసు. నెత్తుటి దుప్పట్లు ఉతికింది ఆమె. ప్రోస్టేట్ క్యాన్సర్ అని డాక్టరు చెప్పినప్పుడు పక్కనున్నదీ ఆమే. ఎవరికీ చెప్పనని జపమాల మీద ఒట్టు వేయించుకున్నాడు ఓరెస్ట్. తాతల కాలం నుంచి ఎవరెలా పోయారో పేరుపేరునా ప్రార్థనలో తలచుకునే మనిషి, ఆ ఒక్క పేరు దగ్గర మూడేళ్లుగా అబద్ధం చెబుతోంది.

గాలిలో క్లిప్పు కదిలింది. బల్ల దాటి వచ్చి, ఆట గెలిచిన ఫిలెస్తాన్ చెవిని కరుచుకుంది. నెస్లీ పట్టకారుతో లాగినా చెవి ఎర్రబడింది గానీ అది వదల్లేదు.

"గెలిచినవాడికి పెడతావేంటన్నా, తొండి," అన్నాడు ఫిలెస్తాన్ ఆ కుర్చీతో.

మర్నాడు పొద్దున్నే, చెవి కోసమని, భార్యాభర్తలు క్లినిక్కు వెళ్లారు. నర్సు రెండుసార్లు లాగి చూసి, వచ్చిన ప్రతివాళ్లనీ అడిగే ప్రశ్నల కాగితం ముందుకు జరుపుకుంది. వయసు అడిగింది. తర్వాత, "మీ ఇంట్లో ఎవరికైనా ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందా?"

"లేదు," అన్నాడు ఫిలెస్తాన్.

"వచ్చింది," అంది క్లెమాన్స్. "మా బావగారికి. ఓరెస్ట్."

క్లిప్పు ఊడి కాగితం మీద పడింది.

ఫిలెస్తాన్ భార్య వైపు తిరిగాడు. "మూడేళ్లు నాకు ఆకులు కాచి పోశావు," అన్నాడు.

"ప్రోస్టేట్ సంగతి తేల్చడానికి ముందు రక్తం తీస్తాం," అంది నర్సు.

"అంతేనా?"

"ఇవాళ్టికి అంతే."

అతను భార్య వైపు చూడకుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. క్లెమాన్స్ క్లిప్పు తీసుకుని తన చెవికి పెట్టుకుంది.