సబ్బు రాసిన బెల్టు

మా బావ కాళ్ళు తీసింది మీరే, మేస్త్రీ, నువ్వూ నీ సబ్బుబిళ్ళా, నీ వెనక పళ్ళికిలిస్తూ నిలబడ్డ ఈ డ్రైవర్లూ, ఇప్పుడు అదే సబ్బు పట్టుకుని నా వ్యానులో తల దూర్చావు, కోడలు మళ్ళీ గొంతెత్తిందిరోయ్ అంటున్నావు, ఇంజను ముందు తిరిగే పొడవాటి బెల్టుకి ఈ షెడ్డులో కోడలని పేరు, చాకిరీ అంతా దానిదే కదా, నీళ్ళు తిప్పాలి, బ్యాటరీ నింపాలి, స్టీరింగుకి బలమివ్వాలి, కీచుమంటే మాత్రం సబ్బు రాస్తారు, రాశావు, ఆగింది, చూశావా తమ్ముడూ ఎలా లొంగిందో, ఇక పోనీ బండి, ఒక్క పగులు లేదు, బంగారం లాంటి బెల్టు అంటున్నావు, బావతోనూ అచ్చం ఇదే మాట అన్నావు, పగిలేది పాత రకం రబ్బరయ్యా, ఇప్పటిది పగలదు, చెప్పు అడుగులా అరుగుతుంది, లోపలి గట్లు నున్నబడి చక్రం గాడిలో పట్టు దొరక్క జారతాయి, ఆ జారుడే కీచు, దిగుడు మలుపులో బావ బండి బెల్టు తెగింది, స్టీరింగు బండరాయయింది, ఎదురుగా గోడ.

వెనక సీట్లలో కుట్టుపని ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, ఏంటయ్యా, ఆ బెల్టుతో కాపురం పెడతావా, గేటు మూసేస్తారు అక్కడ అని ఒకతె, వదిలెయ్యవే, వాడికి బావ పిచ్చి పట్టింది అని ఇంకొకతె, ఘొల్లున నవ్వు, నవ్వండి, మీ మోకాళ్ళూ ముందు సీటుకే ఆనుకున్నాయి, అదే మలుపు దిగాలి మీరూ, ఇంజను ఆపి బెల్టు మడత తిప్పి గోరు పెట్టాను, గట్లకి తట్టుకోవాలి, ఎక్కడా తట్టుకోలేదు, జారిపోయింది.

పొద్దున్న అక్క ఒళ్ళు తుడుస్తుంటే బావ మళ్ళీ అడిగాడు, ఏమే, ఆ రోజు బండి నడుపుతూ నేను నిద్రపోయానా అని, నువ్వే కదా మేస్త్రీ ఆసుపత్రి మంచం పక్కన నిలబడి కునుకు తీశావేమో గుర్తుచేసుకో అన్నది, పాపం గుర్తుచేసుకుంటూనే ఉన్నాడు, మొదట్లో లేదనేది అక్క, ఇప్పుడు విసిగిపోయింది, ఆఁ, నిద్రపోయావు, అటు తిరుగు అంది, అటు తిరగడానికి మంచం రెయిలింగు పట్టుకోబోయాడు, పట్టు చిక్కలేదు, రెండు బొటనవేళ్ళూ వంకర, ఇన్నాళ్ళూ కాళ్ళే చూశాం అందరం, కాళ్ళే లేవని ఏడ్చాం, స్టీరింగుని ప్రాణం పెట్టి తిప్పుతున్నవాడికి తప్ప ఎవడికి విరుగుతాయి రెండు బొటనవేళ్ళూ, కునికేవాడి చేతులు ఒళ్ళో ఉంటాయి, గోడ తగిలేదాకా తిప్పుతూనే ఉన్నాడు మా బావ, మెలకువగానే ఉన్నాడు.

దిగండమ్మా, తిట్టుకుంటూనే దిగండి, తాళంచెవి నా పిడికిట్లో ఉంది, మేస్త్రీ, ఆ సబ్బు కింద పడెయ్, బెల్టులు తెప్పించు, ఈ బండికీ, వరసలో ఉన్న ప్రతి బండికీ, ఈ పూటే, ఆ జిడ్డు చేతులు కడుక్కోకుండా మా ఇంటికి నడు, ఆయన మంచం పక్కనే నిలబడి, అక్క వినేలా, నువ్వు నిద్రపోలేదు అని చెప్పు.