నూట నలభై నాలుగులో నాన్న

మా మామయ్య వాచీలు బాగుచేస్తాడు. ఎడమ కంటికి నల్లటి భూతద్దం తగిలించుకుని, ఆవగింజలో సగం ఉండే మరని పట్టకారుతో పట్టుకుని, అది ఎక్కడ ఎగిరిపోతుందోనని ఊపిరి కూడా సగమే పీల్చే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. దేన్నయినా పెద్దది చేసి చూస్తే నిజం దానంతటదే బయటపడుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో బోర్లా పడింది.

రైలు స్టేషను గోపురం మీది గడియారం పదకొండేళ్లుగా నాలుగుంపావు దగ్గర ఆగిపోయి ఉండేది. మామయ్య ఆరు రోజులు నిచ్చెన ఎక్కి దిగి, లోపల కాపురం పెట్టిన పావురాల్ని మర్యాదగా ఖాళీ చేయించి, దాన్ని నడిపించాడు. వార్తల చానెల్ వాళ్లు వచ్చి ఆయన్ని స్టేషను మెట్ల మీద నిలబెట్టి నాలుగు నిమిషాలు మాట్లాడించారు. శుక్రవారం ఆ వీడియో నెట్‌లో పెట్టారు. ఫోన్లో అందరం చూశాం. అగ్గిపెట్టెంత బొమ్మలో మామయ్య ముచ్చటగానే ఉన్నాడు.

"ఇంత చిన్నగా చూస్తే చూసినట్టా? ఆదివారం మా ఇంటికి రారా, పెద్ద టీవీలో చూద్దాం," అంది అమ్మ. మామయ్య ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు.

ఆ టీవీ నాన్న నెల క్రితం కొన్నది. గోడలో సగం ఉంటుంది. దాన్ని లోపలికి తేవడానికి వీధి తలుపు ఊడదీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి రిమోటు నాన్న చొక్కా జేబు దాటలేదు. నాన్నకి గర్వకారణం ఇంకొకటి కూడా ఉంది, ఆయన సాయంత్రపు నడక. ఒంట్లో చక్కెర పెరిగిందనీ, తీపి ముట్టకుండా రోజూ నడవమనీ డాక్టరు చెప్పింది మొదలు, ఇంటికి రాగానే ఫోను తీసి అమ్మకి చూపిస్తాడు. పదకొండు వేల అడుగులు. ఒక్కోరోజు పన్నెండు వేలు. అయినా మనిషి వీసమెత్తు తగ్గలేదు. "కండ పడుతోంది, తెలియట్లేదా?" అంటాడు.

నేను వీడియోలు ఎడిట్ చేసే చోట పనిచేస్తాను. ఆ ఆదివారం ఏదో తొందర పని ఉందని పిలిస్తే వెళ్లాను. కాబట్టి మొదట జరిగింది నాకు తర్వాత తెలిసిన ముచ్చటే.

మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎదురింటి అత్తయ్యనీ పిలిచారు. ఆవిడకి కింద కళ్లజోళ్ల షాపు, పైన ఇల్లు. నాన్న అందరినీ సోఫాలో కూర్చోబెట్టి, వీడియో తెరంతా పరుచుకునేలా పెట్టాడు. గోడ నిండా బూడిదరంగు గడులు కదిలాయి. మధ్యలో గులాబీరంగు ముద్ద ఒకటి మాట్లాడుతోంది.

"ఎవరిది?" అంది అమ్మ.

"నేనే అక్కా."

"నువ్వా? మరి ముక్కేదిరా?"

"ఇదిగో, ఈ మూడో గడి అనుకుంటా," అన్నాడు మామయ్య లేచి వెళ్లి చూపిస్తూ. తర్వాత, అలవాటైన చెయ్యి కదా, జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని టీవీకి అతుక్కుపోయాడు. కాసేపటికి వెనక్కి తిరిగిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బావా, ఇందులో నేను లేను. ఎర్ర చుక్కలూ పచ్చ చుక్కలూ నీలం చుక్కలూ ఉన్నాయంతే."

"టీవీకేం, బంగారం లాంటిది," అన్నాడు నాన్న. "వాళ్లు తీసిందే అలా తీశారు. కొంచెం దూరం నుంచి చూడండి, బాగుంటుంది."

చిత్రంగా ఆ మాట నిజమే. సోఫాని వెనక గోడకి జరిపితే మామయ్యకి ముక్కు మొలిచింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తే కళ్లు వచ్చాయి. ఇంకా వెనక్కి వెళ్దామంటే ఇల్లు అయిపోయింది.

"మా వరండాలోకి రండి," అంది అత్తయ్య. "మీ కిటికీలోంచి టీవీ మాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది."

నేను ఇంటికొచ్చేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఒక్క ప్రాణి లేదు. టీవీ తనలో తను గడియారాల గురించి మాట్లాడుకుంటోంది. దొంగలు పడ్డారా అనుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్తే, వీధి అవతల మేడ మీద మా వాళ్లంతా వరసగా కుర్చీలేసుకుని నా వైపే చూస్తున్నారు.

"పక్కకి తప్పుకోవే, కనపడట్లేదు," అని అరిచింది అమ్మ. ఆవిడ ముక్కు మీద అద్దాలు మార్చే పరీక్ష ఫ్రేము ఉంది. అత్తయ్య ఒక్కో అద్దం దూరుస్తూ అడుగుతోంది. "ఇప్పుడెలా ఉంది వదినగారూ? పోనీ ఇప్పుడు?"

"ఇప్పుడు నయం. మీసం కూడా కనిపిస్తోంది."

"మీ తమ్ముడికి మీసం లేదు కదండీ," అంది అత్తయ్య, అద్దం తీసేస్తూ.

నాకు విషయం అర్థమై, రిమోటు ఇటు విసరమన్నాను నాన్నని. బ్యాటరీ అయిపోయిందన్నాడు. అయినా సరే విసరమన్నాను. వినపడనట్టు ఆకాశంలోకి చూశాడు. సరేలే అని నా ఫోన్ని టీవీకి కలిపి, వీడియో కింద ఉండే పళ్లచక్రం బొమ్మ నొక్కాను. క్వాలిటీ నూట నలభై నాలుగు దగ్గర ఉంది. దానికన్నా కింద మెట్టు లేదు.

అందర్నీ వెనక్కి పిలిచాను. వచ్చి కూర్చున్నాక మామయ్యకి అర్థమయ్యేలా చెప్పాను. "బొమ్మంటే చుక్కలే మామయ్యా. ఫోను చిన్నది, కాసిని చుక్కలున్నా సరిపోతాయి. అవే చుక్కల్ని ఇంత టీవీకి సాగదీస్తే, చెంచాడు సున్నంతో ఇల్లంతా వెల్ల వేసినట్టే. ఉన్న చుక్కని పెద్దది చేస్తావు గానీ, లేని చుక్కని ఎక్కడ్నుంచి తెస్తావు?"

"అయితే చానెల్ వాళ్లు సరిగ్గా తీయలేదా?"

"బ్రహ్మాండంగా తీశారు. మన దగ్గరే తగ్గించి ఉంది. దానంతటది వదిలేస్తే, మన నెట్‌కి ఇంత కిందికి దిగదు. ఎవరో చేత్తో పెట్టారు."

అందరం నాన్న వైపు తిరిగాం.

"నెట్ ఆదా అవుతుందని," అన్నాడు నాన్న.

"మనదానికి హద్దే లేదుగా," అంది అమ్మ.

"మరీ స్పష్టంగా ఉంటే కళ్లకి మంచిది కాదంటారు."

"ఆ మాట మా షాపు దరిదాపుల్లో అనకండి అన్నయ్యగారూ," అంది అత్తయ్య.

నేను వెయ్యిన్నీ ఎనభై నొక్కాను. తెల్లటి సున్నా ఒకటి గిర్రున తిరిగింది. తర్వాత తడిగుడ్డతో తుడిచినట్టు తెర తేటపడింది. మామయ్య ముఖం చెమట చుక్కతో సహా వచ్చి నిలబడింది.

"అబ్బ, మా తమ్ముడే," అంది అమ్మ. "చెవుల్లో ఆ వెంట్రుకలేమిట్రా, కత్తిరించుకోకూడదూ?"

మామయ్య అది కూడా పొగడ్త కిందే తీసుకున్నాడు. కానీ అమ్మ చూపు అప్పటికే తమ్ముడి భుజం దాటి వెనక్కి వెళ్లింది. అక్కడ స్టేషను ముందు తోట, తోటలో ఒక బెంచీ.

"ఆ బెంచీ మీద ఎవరండీ?"

"ఎవరో పెద్దమనిషి," అన్నాడు నాన్న.

"ఆ పెద్దమనిషికి మీ చొక్కా ఎవరిచ్చారు?"

పెద్దమనిషి ఒళ్లో అట్టపెట్టె, చేతిలో క్రీము కేకు. కళ్లు మూసుకుని, తపస్సులో ఉన్నట్టు తింటున్నాడు. ఇంతలో ఒక గోధుమరంగు కుక్క తెరకి ఆ చివర నుంచి ఈ చివరికి పరిగెత్తింది. మళ్లీ ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తింది. దాని మెడలో ఎర్రటి చిన్న సంచీ వేలాడుతోంది. సంచీ మీద పసుపు పువ్వు. ఆ పువ్వు అమ్మ కుట్టింది. నడిచేటప్పుడు ఫోను జారిపోకుండా ఉంటుందని నాన్నకి కుట్టిచ్చిన సంచీ అది.

టీవీలో మామయ్య, "ఏ యంత్రమైనా తప్పు లెక్క చూపిస్తోందంటే, లోపల ఎవరో గూడు పెట్టారనే అర్థం," అంటున్నాడు.

"పదకొండు వేలు," అంది అమ్మ మెల్లగా.

"కుక్కకి నాలుగు కాళ్లు కదా, మనిషి లెక్కలో సగమే అనుకోవాలేమో," అంది అత్తయ్య.

"పూలకొట్టు వాళ్ల కుక్క," అన్నాడు నాన్న. "చాలా మంచిది. దానికీ నడక కావాలిగా."

తర్వాత ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. శనివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాన్న టీవీలో ఆ వీడియో వేసి చూసుకున్నాడట. "ఫోన్లో కందిగింజంత ఉన్నాను, ఎవరికీ ఆనలేదు. ఇక్కడ చూస్తే నా అంత నేనున్నాను," అన్నాడు. దొరికిన మీటనల్లా నొక్కి, ఆ పళ్లచక్రం కనిపెట్టి, తను బూడిదలో కలిసిపోయేదాకా ఒక్కో మెట్టూ దించుకుంటూ వచ్చాడట. టీవీ శబ్దం తగ్గించాలన్నా నన్ను కేకేసే మనిషి.

అమ్మ అరవలేదు. "మళ్లీ వెయ్యి," అంది నాతో. వేశాను. మళ్లీ వెయ్యమంది. మూడోసారి కేకు మీది చెర్రీ పండు దగ్గర ఆపమంది. అత్తయ్య కుక్క ఎన్నిసార్లు తిరిగిందో వేళ్ల మీద లెక్కపెడుతోంది. నెట్‌లో వీడియో కింద జనం రాసినవి చదివితే అవీ అంతే. గడియారం ఊసు ఒక్కరూ ఎత్తలేదు. అందరికీ ఆ కుక్క పేరు కావాలి.

"అక్కా," అన్నాడు మామయ్య చివరికి. "నేను ముందున్నాను. పోనీ ఒక్కసారి ముందు చూడండి. ఆరు రోజులు ఎక్కి దిగాను."

మాకు తల తీసేసినట్టయింది. టీవీ సెట్టింగుల్లో జూమ్ అని ఒకటుంటుంది. మామూలుగా దాన్ని పెట్టొద్దనే చెప్తాను, బొమ్మ అంచులు కోసేస్తుంది కాబట్టి. ఆ రోజు నేనే పెట్టాను. బెంచీ, కేకు, నాన్న, కుక్క తిరిగే దారి అన్నీ అంచు అవతలికి పోయాయి. తెర మీద మామయ్య ఒక్కడే మిగిలాడు.

నాలుగు నిమిషాలూ అందరం విన్నాం. అయ్యాక అమ్మ, ముప్పై ఏళ్లలో మొదటిసారి, తమ్ముణ్ణి పని గురించి అడిగింది. "ఆ చివర్లో చూపించావే, కొక్కెంలా ఉంది, అదేం చేస్తుందిరా?"

మామయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. కాగితం అడిగాడు, పెన్సిలు అడిగాడు. కొక్కెం దగ్గర మొదలుపెట్టి స్ప్రింగు మీదుగా ముల్లు దాకా వచ్చేసరికి గంటంపావు పట్టింది. మొదట అత్తయ్య షాపు తెరవాలని లేచింది. తర్వాత నేను ఆకలని లేచాను. కాసేపటికి, తనే అడిగిన అమ్మ కూడా వంటింట్లోకి జారుకుంది. నాన్న ఒక్కడే ప్రతి చక్రానికీ తల ఊపుతూ చివరిదాకా కూర్చున్నాడు, లేచి వంటింట్లోకి వెళ్లే ధైర్యం లేక.