నలభై ఎనిమిదేళ్ళ మనిషి

పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. ప్రేమకుమారికి జగ్గయ్యపేటలో ప్రతిదీ ముచ్చటగానే ఉంది. కిరసనాయిలు స్టవ్వు నీలంగా మండినా నవ్వొచ్చేది. భర్త వరప్రసాదరావు పత్తి మిల్లు మేనేజరు. ఆఫీసు వసారాకీ వాళ్ళ వంటింటికీ మధ్య ఒక్కటే గోడ. బి.ఎ. చదివిన పిల్ల, గరిటె చేత్తో పట్టుకుని, ఆ గోడకి చెవి ఆనించి ఆయన గొంతు వింటూ మురిసిపోయేది.

ఆవేళ కాటా దగ్గర పనికి ఒకతను వచ్చాడు. పేరు ఏలీయా. నందిగామలో అతను పనిచేసిన మిల్లు మూతపడి ఏడాదయిందట.

"వయసెంత? యాభై దాటినవాళ్ళని పెట్టుకోవద్దన్నారు ఓనరుగారు," అన్నాడు వరప్రసాదరావు.

"నలభై ఎనిమిదండి."

"అంతకంటే పెద్దవాడిలా ఉన్నావే?"

"ఎండన పడి చేసిన ఒళ్ళు గదండీ, అట్టా కనబడుద్ది. కావాలంటే బస్తా ఎత్తి చూపిస్తా. అన్నిచోట్లా అడిగొచ్చా బాబూ. మీరూ కాదంటే ఇంక అడగడానికి మిల్లు లేదండి."

వరప్రసాదరావు నవ్వాడు. "కాటా పనికి బస్తాలెత్తడం ఎందుకులే. సరే, సోమవారం నుంచి రా."

గోడవతల వింటున్న ప్రేమకుమారికి ప్రాణం లేచొచ్చింది. నందిగామ ఆమె పుట్టిల్లు. తన ఊరి మనిషికి తన ఆయన పని ఇచ్చాడు! గబగబా మజ్జిగ చిలికి, ఉప్పు వేసి, నిమ్మాకు నలిపి, గ్లాసు పట్టుకుని వసారాలోకి పరుగెత్తింది.

"తీసుకోండి తాతగారూ! మాదీ నందిగామే."

గ్లాసు కోసం ఏలీయా చాచిన చెయ్యి సగంలో ఆగిపోయింది.

వరప్రసాదరావు ఆమె వంక చూశాడు. తర్వాత ఏలీయాని కొత్తగా చూశాడు. కుర్రాళ్ళు తొడుక్కునే పూల బుష్‌షర్టు, దాని పైన ముడతలు పడ్డ మెడ, చెవుల మీద తెల్ల వెంట్రుకలు.

"అదే... బాబాయిగారూ..." అంది ప్రేమకుమారి. అది ఇంకా అన్యాయంగా వినిపించింది.

"నిజం చెప్పండి పెద్దాయనా," అన్నాడు వరప్రసాదరావు. అంతవరకూ నువ్వన్నవాడు ఇప్పుడు మీరంటున్నాడు.

"యాభై తొమ్మిదండి."

"నన్నేం చెయ్యమంటారు? ఓనరుగారి మాట. ఏమీ అనుకోకండి."

ఏలీయా గ్లాసు అందుకుని మజ్జిగంతా తాగాడు. "ఎవరమ్మాయివి తల్లీ?"

"ఆశీర్వాదం మేష్టారి అమ్మాయినండి."

"అదీ సంగతి. పెద్దోళ్ళని పిలవడం బాగా నేర్పారు మేష్టారు."

ఎత్తిపొడుపు కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

మధ్యాహ్నం భోజనం దగ్గర వరప్రసాదరావు, "భలే పట్టేశావోయ్! నేను మోసపోయేవాణ్ణే," అన్నాడు.

వచ్చిన దగ్గర్నుంచీ ఆయన మెచ్చుకోలు కోసం కూర కూరకీ కాచుకుని కూచున్న పిల్ల. "నేను పట్టలేదండీ. పిలిచానంతే," అంది. "కబురు పెట్టి రమ్మనండి. పొరపాటున అన్నానని ఓనరుగారికి నేను చెబుతా."

"పొరపాటేముంది? తాతే కదా అతను?"

ఆయన పెరుగు వెయ్యమన్నాడు. ఆమె తల దించుకుని వడ్డించింది. కొత్త పెళ్ళికూతురి సిగ్గనుకుని ఆయన ముసిముసిగా నవ్వుకున్నాడు.