ఎర్ర పెన్సిలు రాత

పాస్టరు గారి భార్య ఆయన తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించిందో లేదో, వెనక నుంచి ఆయన గొంతు వినబడింది.

"ఇదిగో, మన చర్చి ఆడపిల్లల క్యాంపుకి యాభై ఏళ్ళు నిండాయి. చరిత్ర పుస్తకం రాసే బాధ్యత కమిటీ వాళ్ళు నా మీద పెట్టారు. నువ్వెలాగూ ఖాళీగానే ఉంటావుగా, కాస్త రాసి పడెయ్."

ఖాళీ అట! పొద్దున్నుంచి ఆమె చర్చి బెంచీలు తుడిచింది, అత్తగారి కళ్ళలో మందు వేసింది, చెప్పాపెట్టకుండా దిగిన కమిటీ పెద్దలకు వంట చేసింది. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఆదివారం ప్రసంగాలు రాస్తున్నదీ ఆమే. ఆయన వాటిని చదువుతూ మధ్యమధ్య కళ్ళు మూసుకుంటాడు, మాట అప్పుడే పైనుంచి దిగుతోందన్నట్టు. నిజానికి కాగితం తిప్పాల్సివచ్చిన ప్రతిసారీ మూసుకుంటాడు. జనం కళ్ళు తుడుచుకుంటారు. ఈవిడ వెనక బెంచీలో కూర్చుని, మొన్న రాసిన వాక్యంలో ఆయన మింగేసిన మాట ఏదా అని చూసుకుంటుంది.

పాత ఫోటోల కోసం అత్తగారు ట్రంకుపెట్టె తాళంచెవి ఇచ్చింది. ముప్పై ఏళ్ళు క్యాంపుని ఏలిన మనిషి ఆవిడ. ఇప్పుడు చూపు ఆనదు గానీ పెత్తనానికి చూపుతో పనేముంది.

ట్రంకులో అడుగున మొదటి ఏడాది ఫోటో ఉంది. చెరువు ఒడ్డున రెండు గుడారాలు, పదకొండుమంది పిల్లలు, మధ్యలో క్యాంపు మొదలుపెట్టిన ఈత టీచరు. చివరి రోజు ప్రతి పిల్లా తనకేం కావాలో చీటీ మీద రాసి దాచుకోవాలన్నది ఆ టీచరు పెట్టిన పద్ధతే. ఆవిడ పోయాక కమిటీ పెద్దలొచ్చి చెరువు చుట్టూ కంచె వేయించారు, ఈత మాన్పించారు. చీటీని మాత్రం ఉంచారు, అర్థం తిప్పేసి. నీకేం కావాలో కాదు, నీకు బాగా ఇష్టమైనది ఏది దేవుడికి వదిలేస్తావో రాయి. రేకు డబ్బాలో వెయ్యి. దేవుడు తప్ప ఎవరూ చదవరు.

ఎవరూ చదవరన్న చీటీలన్నీ ట్రంకులో ఏడాదివారీగా కట్టలు కట్టి ఉన్నాయి. ఒక్కో చీటీ కింద అత్తగారి ఎర్ర పెన్సిలు రాత.

"డాక్టరు చదువు పిచ్చి. తండ్రి చెవిన వెయ్యాలి." "ఎదురు చెప్పే రకం. ఏ ఇంటికీ కోడలిగా చెప్పొద్దు." "ఒద్దికైనది. కోశాధికారి తమ్ముడికి సరి."

ఆమె పదహారేళ్ళ వయసులో తను క్యాంపుకి వెళ్ళిన ఏడాది కట్ట విప్పింది. గుండ్రటి అక్షరాలు, తనవే. "నాకు కథలు రాయడమంటే ప్రాణం. ప్రభువు వద్దంటే మానేస్తాను." కింద ఎర్రగా: "బాగా రాస్తుంది. మాట వింటుంది. మావాడికి ప్రసంగాలు రాసిపెట్టడానికి పనికొస్తుంది."

ఒళ్ళంతా మండిపోయింది. 'మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థిస్తే ప్రభువే ఈమెను చూపించాడు' అని ఆయన ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పలేదు! ఆ సాక్ష్యానికి మెరుగులు దిద్దింది కూడా తనే కదా అని గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. కథలు దేవుడికి వదిలేశాననుకుంది ఇన్నాళ్ళూ. దేవుడి దాకా పోనేలేదు, దారిలోనే వీళ్ళు ఎత్తుకుపోయారు.

చీటీ తీసుకెళ్ళి అత్తగారికి చదివి వినిపించింది. ఆవిడ కంగారేమీ పడలేదు.

"అయితే ఏమైందిప్పుడు? మంచి ఇంట్లో పడ్డావుగా. అందరి చీటీలూ చూసి, ఎవర్ని ఎక్కడ పెట్టాలో చెప్పకపోతే సంఘం ఎలా నడుస్తుందే? నాకు కళ్ళు పోయాయి, ఈ ఏడు నుంచి ఆ పని నీదే. ముందు మన పిల్ల చీటీ చూడు. కమిటీ అధ్యక్షుడు గారి రెండోవాడికి అడుగుతున్నారు."

మన పిల్లంటే తన కూతురు. పదిహేనేళ్ళది. వచ్చే నెల మొదటిసారి క్యాంపుకి వెళుతోంది. బట్టలు మడతపెడుతూ ఆ ఉదయమే అడిగింది, "చీటీలో ఏం రాయాలమ్మా? నాకు ఈత నేర్చుకోవాలనుంది, అది వదిలేయాలా?" అని.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, బల్ల మీది గిన్నెలు పక్కకి జరిపి కూర్చుంది. వారం రోజుల్లో పుస్తకం రాసేసింది. ఈత టీచరు, పదకొండుమంది పిల్లలు, కంచె, డబ్బా, పెన్సిలు, పెళ్ళిళ్ళు. ఇతరుల చీటీల జోలికి పోలేదు. తన చీటీ ఒక్కటే, కింది ఎర్రరాతతో సహా, పేజీ నిండా ఫోటో వేయించింది.

అచ్చుకు వెళ్ళేముందు కాగితాలు ఆయన ముందు పెట్టింది. ఆయన ప్లేటులోంచి తలెత్తకుండా పెన్ను అందుకున్నాడు.

"అమ్మ గురించి గొప్పగా రాశావా?"

"ఆవిడ చేతిరాతే వేశానండీ."

"భేష్. నా పేరు?"

"అట్ట మీద. ఇంత పెద్దక్షరాల్లో ఎప్పుడూ వేయించలేదు."

చదవకుండానే సంతకం పెట్టాడు. ఏనాడు చదివాడు గనక!

క్యాంపుకి బయల్దేరే శనివారం ఉదయం చర్చి ముందు బస్సు ఆగింది. ఎక్కే ప్రతి పిల్ల చేతిలోనూ ఆమె ఒక పుస్తకం పెట్టింది. కూతురికి ఇస్తూ, "చీటీ సంగతి ఇది చదివాక ఆలోచించు. నాన్న పేరు మీద ఉంది, ఎవరూ లాక్కోరు," అంది. బస్సు మలుపు తిరగకముందే కిటికీల్లో తలలన్నీ పుస్తకాల్లోకి వంగాయి.

ఇంటికొచ్చేసరికి ఆయన అద్దం ముందు నిలబడి చెయ్యి చాచాడు.

"రేపటి ప్రసంగం ఏదీ?"

"రాయలేదండీ. ఇక రాయను."

"మరి రేపు నేనేం చెప్పాలి?"

"మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించండి," అంది ఆమె చెప్పులు విడుస్తూ. "ప్రభువే చూపిస్తాడుగా."