నీకెప్పుడు వీలవుతుంది?

బీన్స్ ఈనెలు తీస్తూ ఫిన్నిష్ నేర్చుకుంటున్నాను. చెవిలో టీచరమ్మ ఒక్కో వాక్యం అంటుంది, నేను తిరిగి అనాలి. "ఒన్కొ సినుల్ల ఐకా?" నీకు టైముందా? అన్నాను. "సొపీకొ హువొమెన్న?" రేపు కుదురుతుందా? అదీ అన్నాను. "మిల్లొయిన్ సినుల్లె సొపీ?" నీకెప్పుడు వీలవుతుంది? ఇక్కడికొచ్చేసరికి తిరిగి అనలేక ఆగిపోయాను. వారం నుంచీ ఇదే వరస. రికార్డులో గొంతు కాబట్టి టీచరమ్మ విసుక్కోకుండా మళ్ళీ అంటుంది.

బట్టలుతికే మిషన్లు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం ఇది. ఫిన్లండ్‌లో ఉన్న కస్టమర్లకి ఫోన్ చేసి, మెకానిక్ ఎప్పుడొస్తే వాళ్ళకి కుదురుతుందో కనుక్కోవాలి. రేపు పదింటికి నోటి పరీక్ష. నెగ్గితే ఉద్యోగం నాదే. ట్రైనింగ్‌లో మొదటిరోజే చెప్పారు, మిషన్ ఇల్లంతా నీళ్ళు కక్కుతున్నా సరే, అడక్కుండా ఎవరింటికీ మనిషిని పంపకూడదని. నాకు నవ్వాగలేదు. పక్క కుర్చీలో అమ్మాయి "ఏంటి మేడమ్, అంత జోకేముంది?" అంది. ఏం చెప్పను? మా ఇంట్లో నా సంగతి ఎవరూ అడగరు. నా టైము గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల జత, ఎవరికి పనుంటే వాళ్ళు కాళ్ళు దూర్చుకుని పోతారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు మా ఆయన నా రోజుల్ని చుట్టాలందరికీ పంచిపెడతాడు. "తను ఖాళీయేగా!" అన్న ఒక్కమాటతో పని అయిపోతుంది. "ఇంట్లో ఉండేదానికి తీరిక లేకపోవడమేంటి?" అనేవారు మా అత్తగారు. ఆ మాట నాచేత కాళ్ళు పట్టించుకుంటూనే అనేవారు.

నన్ను అడిగిన మనిషి ఒక్కతే, మా అమ్మ. కన్నకూతురికి ఫోన్ చేసి కూడా "వీలేనా తల్లీ, తర్వాత చెయ్యనా?" అనేది. నిరుడు వానల్లో ఆమెని గుండె ఆపరేషనుకి ఆసుపత్రిలో చేర్చారు. నేను సంచీ సర్దుకుని చెప్పులేసుకుంటుంటే మా ఆయన అడ్డం వచ్చాడు. "ఇవాళ అక్క ఇల్లు మారుతోంది. నువ్వొస్తావని మాటిచ్చాను. ఆపరేషన్ రేపేగా, అక్కడ మీ తమ్ముడున్నాడు. ఇవన్నీ చెప్పి అక్కని కంగారుపెట్టకు." అమ్మకి ఫోన్ చేసి నసిగాను. "నీకెప్పుడు వీలైతే అప్పుడే రా తల్లీ. నేనెక్కడికి పోతాను?" అంది. ఆ రోజంతా వదినగారి గాజుగ్లాసుల్ని పాత పేపర్లలో చుట్టాను. ఒక్కటి కూడా పగలలేదని మా ఆయన మెచ్చుకున్నాడు. తెల్లవారకముందే అమ్మ పోయింది. ఆపరేషన్ దాకా కూడా ఆగలేదు.

బీన్స్ గిన్నెలో వేసి టీచరమ్మని మళ్ళీ మొదలుపెట్టబోతుంటే హాల్లోంచి మా ఆయన గొంతు వినపడింది. "రంగులేసేవాళ్ళ వెనక నిలబడటానికేగా? నువ్వు ఆఫీసుకి సెలవు పెట్టకక్కా. రేపు పొద్దున్నే తనని పంపిస్తాలే. తను ఖాళీయేగా!"

నా పరీక్ష సంగతి ఆయనకి తెలుసు. పొద్దున కూడా చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేదాకా ఆగి, వంటింటి తలుపు దగ్గరికేసి నేనే వదినగారికి ఫోన్ చేశాను. పెళ్ళయ్యాక ఎవరికైనా రానని చెప్పడం ఇదే మొదలు.

"వదినా, రేపు నాకు వీలుకాదు. పరీక్ష ఉంది."

"పరీక్షా? మరి నువ్వే వస్తానన్నావని తమ్ముడు చెప్పాడే?"

"నన్ను అడగలేదు వదినా."

వదిన నెమ్మదిగా అడిగింది. "మరి నేను ఇల్లు మారిన రోజు?"

"ఆ రోజూ అడగలేదు."

"అయ్యో! ఇంట్లో తోచడం లేదు, తనే వస్తానంటోందని చెప్పాడే వాడు! మీ అమ్మ ఆసుపత్రిలో ఉందని ఆవిడ పోయాకే నాకు తెలిసింది. తల్లి అలా ఉంటే వచ్చి గ్లాసులు సర్దింది, ఇదేం రాతిగుండె మనిషీ అని ఇన్నాళ్ళూ నిన్నే అనుకున్నాను. నాకు తెలిస్తే గుమ్మంలోంచే పంపేసేదాన్ని కదే! నేను సర్దుకోలేనా నాలుగు గ్లాసులు?" ముక్కు చీది మళ్ళీ అందుకుంది. "నువ్వు పరీక్షకి వెళ్ళు. వాడి సంగతి నేను చూస్తాను."

ఫోన్ పెట్టేసి పొయ్యిగట్టు పట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ళూ వదినగారికి నా అవసరం పడిందనుకున్నాను. అవసరమే లేదట. ఆ సాయంత్రం నేను మా అమ్మ మంచం పక్కన కూర్చుని ఉండేదాన్ని. చెయ్యి పట్టుకునేదాన్ని. దానికి అడ్డుపడింది గ్లాసులూ కాదు, వదినా కాదు. ఎవరైనా నన్నొక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. మా ఆయన చెప్పొద్దన్నాడని నోరు మూసుకుని, నేనూ వదినని ఒక్క మాట అడగలేదు. ఏడుపొచ్చింది. చెంగు నోట్లో కుక్కుకోకుండా పైకే ఏడ్చాను.

తర్వాత కళ్ళు తుడుచుకుని పాఠం పెట్టాను. టీచరమ్మ అడిగింది. ఈసారి నేనూ అన్నాను, గట్టిగా. "మిల్లొయిన్ సినుల్లె సొపీ?" ఇంకోసారి అన్నాను.

మా ఆయన తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది, మొహం కందిపోయి ఉంది. "అక్కతో ఏం చెప్పావ్? ఆ గొణుగుడేంటి?"

"నీకెప్పుడు వీలవుతుందని అడుగుతున్నాను."

"నన్నా?"

"కాదు. మా అమ్మని."